తక్కువ బడ్జెట్‌లో లైవ్ బ్యాండ్‌కి ఇన్-ఇయర్ మానిటర్లు: ఆరుగురికి ఎలా సెట్ చేసుకోవాలి?

గుంటూరు_కీస్
అందరికీ నమస్కారం. మాది ఆరుగురి ఆర్కెస్ట్రా. నేను కీబోర్డ్, ఇంకా ఆక్టోప్యాడ్, డోలక్, బేస్ గిటార్, ఇద్దరు సింగర్లు. పెళ్ళి రిసెప్షన్లు, సంగీత్‌లు, చవితి పందిళ్ళు, అప్పుడప్పుడు కాలేజీ ఫంక్షన్లు చేస్తుంటాం. ఎక్కడికి వెళ్ళినా మైక్ సెట్ ఆ ఊరి వాళ్ళదే, చాలాచోట్ల ఆరుగురికీ కలిపి రెండే మానిటర్ బాక్సులు పెడతారు. సింగర్‌కి కీబోర్డ్ వినపడక శృతి కోసం వెతుక్కుంటుంది, ఆవిడ వాయిస్ పెంచితే డోలక్ వాయించే అతనికి నేను వినపడను, నన్ను పెంచగానే కుయ్యిమని కూత మొదలవుతుంది. మూడు గంటల ప్రోగ్రామ్ అయ్యేసరికి అందరి గొంతులూ పోతున్నాయి.

అందుకని మానిటర్ బాక్సుల బదులు ఎవరి చెవిలో వాళ్ళు ఇయర్‌ఫోన్‌తో వినే ఇన్-ఇయర్ వైపు వెళ్దామని అందరం కూర్చుని అనుకున్నాం. తలా కొంత వేసుకుంటే 80,000 వరకు అవుతుంది, ఇంకొంచెం లాగొచ్చు కానీ లక్ష దాటకూడదు. ఇప్పుడు మా దగ్గర 12 ఛానెళ్ళ పాత అనలాగ్ మిక్సర్ ఒకటుంది. వైర్‌లెస్ లేకుండా పని జరుగుతుందా? ఫోన్‌కి వాడే బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో నెట్టుకురావచ్చా? ముందు ఏది కొనాలి? కాస్త వివరంగా చెప్పండి.

లోఎండ్_హైదరాబాద్
బ్లూటూత్ ఆలోచన ఇక్కడే వదిలెయ్ బ్రో. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో ఆలస్యం 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. 150 టెంపో (నిమిషానికి 150 బీట్లు) పాటలో సగం బీటు అంటేనే 200 మిల్లీసెకన్లు. అంటే నువ్వు నొక్కిన స్వరం నీ చెవిలో పడేసరికి ఆక్టోప్యాడ్ అతను తర్వాతి దెబ్బలో ఉంటాడు. గేమింగ్ మోడ్ అని రాసినవి కూడా స్టేజ్‌కి పనికిరావు.

వైర్‌లెస్ లేకుండా మాత్రం బ్రహ్మాండంగా జరుగుతుంది. నేను బేస్, కూర్చునే వాయిస్తాను, నా సెటప్ పూర్తిగా వైర్‌దే.

స్టేజ్‌సౌండ్_రాజమండ్రి
తమ్ముడూ, నేను ఫీల్డ్‌లో సౌండ్ చేస్తాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఇన్-ఇయర్ అనగానే అందరూ ముందు వైర్‌లెస్ సెట్ల ధరలు చూస్తారు, అవి చూసి మనవల్ల కాదని మానేస్తారు. అసలు డబ్బు పెట్టాల్సింది అక్కడ కాదు. ఎవరికి కావాల్సిన మిక్స్ వాళ్ళ చెవిలోకి విడిగా వెళ్ళాలి. ఆ పని చేసేది మిక్సర్. దానికి ఎన్ని ఆక్స్ అవుట్‌లు (హాలు మిక్స్‌తో సంబంధం లేకుండా విడి మిక్స్ బయటికి పంపేవి) ఉంటే నీకు అన్ని మిక్స్‌లు. పైగా అవి ప్రీ-ఫేడర్ అయి ఉండాలి, అంటే హాలు వాల్యూమ్ మార్చే ఫేడర్‌కి ముందే సిగ్నల్ తీసుకునేవి. పోస్ట్-ఫేడర్ ఆక్స్ తీసుకుంటే హాల్లో జనం కోసం సింగర్ ఫేడర్ తగ్గించినప్పుడల్లా ఆవిడ చెవిలో కూడా ఆవిడ గొంతు తగ్గిపోతుంది. నీ పాత మిక్సర్‌లో ఆక్స్ నాబ్ పక్కన ప్రీ అని ఉందో, పోస్ట్ అని ఉందో, రెంటికీ మారే బటన్ ఉందో చూసి చెప్పు. చిన్న మిక్సర్లలో ఎక్కువగా ఒకటే ప్రీ ఆక్స్ ఉంటుంది, రెండోది ఎకో లాంటి ఎఫెక్ట్స్‌కి పోతుంది.

అందుకే ఆరుగురికి నా సలహా: డబ్బులో పెద్ద భాగం పెట్టెలో బిగించుకునే ఒక ర్యాక్ డిజిటల్ మిక్సర్ మీద పెట్టు. బెరింగర్ ఎక్స్‌ఆర్18 లాంటిది తీసుకుంటే 16 మైక్ ఇన్‌పుట్‌లు, 6 ఆక్స్ అవుట్‌లు. ఆరుగురికి ఆరు మోనో మిక్స్‌లు (రెండు చెవులకీ ఒకే శబ్దం) లెక్క సరిపోయింది. ఎవరి మిక్స్ వాళ్ళు ఫోన్లో యాప్ పెట్టుకుని సర్దుకుంటారు, సౌండ్ అతన్ని సైగలతో బతిమాలే పని ఉండదు. కొత్తది మీ బడ్జెట్‌లో ఎక్కువ భాగం తినేస్తుంది, సెకండ్ హ్యాండ్‌లో మంచి కండిషన్‌ది దొరికితే చేతిలో డబ్బు మిగులుతుంది. కొనేముందు అన్ని ఇన్‌పుట్‌లకీ మైక్ పెట్టి, ఆరు ఆక్స్‌లకీ హెడ్‌ఫోన్ ఆంప్ పెట్టి చూసుకో. ఫాంటమ్ పవర్ (కండెన్సర్ రకం మైకులకి కేబుల్‌లోనే మిక్సర్ పంపే కరెంటు) వస్తోందో లేదో కండెన్సర్ మైక్‌తో చూడు.

ఎక్స్‌ఆర్16 అని తక్కువలో ఒకటుంది, దానికి మైక్ ఇన్‌పుట్‌లు 8, ఆక్స్‌లు 4. ఎక్స్‌ఆర్12కి అయితే 4 మైకులు, 2 ఆక్స్‌లే. ఆరుగురి బ్యాండ్‌కి అది చాలదు.

ఆ మిక్సర్ నుంచి ఒక్కొక్కరికీ ఒక క్యానన్ కేబుల్ (మైకులకి వాడే మూడు పిన్‌ల ఎక్స్‌ఎల్ఆర్ కేబుల్), చివర బెరింగర్ పీ2 లాంటి బెల్ట్ ప్యాక్, అంటే ఇయర్‌ఫోన్ గుచ్చుకునే చిన్న ఆంప్. రెండు ఏఏఏ బ్యాటరీలతో నడుస్తుంది, నడుముకి పెట్టుకోవచ్చు, వాల్యూమ్ చేతికి అందుతుంది. కీబోర్డ్, ఆక్టోప్యాడ్, డోలక్, బేస్, నలుగురూ ఉన్నచోటు నుంచి కదలరు కాబట్టి వాళ్ళకి వైర్ అడ్డమే కాదు. సింగర్ల సంగతి విడిగా మాట్లాడుకుందాం.

ప్యాడ్_వరంగల్
అన్న చెప్పింది కరెక్ట్. కానీ అంత డబ్బు ఒకేసారి కుదరకపోతే ఇంకో దారి ఉంది. మేము మొదట బెరింగర్ హెచ్ఏ400 అనే నాలుగు అవుట్‌ల హెడ్‌ఫోన్ ఆంప్ తెచ్చుకున్నం, మస్తు చీప్. మిక్సర్‌లో ఉన్న ఒక్క ప్రీ ఆక్స్ దానికి ఇచ్చినం, నలుగురం అదే మిక్స్ విన్నం, ఎవరి వాల్యూమ్ వాళ్ళ చేతిలో. వేరు వేరు మిక్స్‌లు ఉండవు, అది నిజమే. అయినా స్టేజ్ మీద రెండు బాక్సుల గోలకంటే ఎంతో నయం. తర్వాత డిజిటల్ మిక్సర్ కొన్నాక కూడా ఆ ఆంప్ ప్రాక్టీస్ రూమ్‌లో పనికొస్తది.

స్టేజ్‌సౌండ్_రాజమండ్రి
అదీ మంచి మాటే. ఒక్క జాగ్రత్త, ఒకే మిక్స్ నలుగురు వింటున్నప్పుడు అందులో అన్నీ నింపొద్దు. వాయిస్, కీబోర్డ్, కొంచెం రిథమ్ చాలు. తాళం వాయించేవాళ్ళకి వాళ్ళ వాయిద్యం ఎలాగూ వినపడుతుంది.

గుంటూరు_కీస్
రాజమండ్రి అన్నా, మిక్సర్ చూశాను. ఆక్స్ 1 ప్రీ, ఆక్స్ 2 మీద ఎఫెక్ట్స్ అని ఉంది, మార్చే బటన్ లేదు. అంటే మీరన్నట్టు ఒక్కటే. డిజిటల్‌కే వెళ్తాం. సెకండ్ హ్యాండ్ కోసం హైదరాబాద్‌లో, విజయవాడలో తెలిసినవాళ్ళకి చెప్పి ఉంచాను.

ఇంకో రెండు సందేహాలు. ఇయర్‌ఫోన్స్ ఏవి తీసుకోవాలి? మైక్ సెట్ వాళ్ళకి వాళ్ళ మిక్సర్ ఉంటుంది కదా, మాది కూడా పెడితే ఒప్పుకుంటారా?

గమకం_విశాఖ
నేను పాడతాను, కాబట్టి ఇయర్‌ఫోన్స్ గురించి నేను చెప్తా. బ్రాండ్ కంటే ముందు చెవిలో బిగువుగా కూర్చోవడం ముఖ్యం. టిప్ వదులైతే బేస్ మొత్తం పోతుంది, అప్పుడు ప్యాక్ వాల్యూమ్ పెంచుతాం, చెవులు దెబ్బతింటాయి. డబ్బాలో ఇచ్చే మూడు సైజుల రబ్బరు టిప్‌లూ పెట్టి చూడండి, ఎడమ చెవికి ఒక సైజు, కుడికి ఇంకో సైజు సరిపోయినా ఆశ్చర్యపోకండి. ఫోమ్ టిప్‌లు నాకు బాగా పడ్డాయి. వేళ్ళతో నలిపి సన్నగా చేసి లోపల పెట్టుకుని ఉబ్బేదాకా పట్టుకోవాలి. చెమటకి తొందరగా పాడవుతాయి, మార్చుకుంటూ ఉండాలి. సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే చెవి పక్కన చిటిక వెయ్యండి, దూరంగా వినిపిస్తే బాగున్నట్టు.

తక్కువలో కేజెడ్ జెడ్‌ఎస్‌ఎన్ ప్రో లాంటివి రెండు వేల లోపు వస్తాయి, కేబుల్ విడిగా ఊడుతుంది కాబట్టి అది తెగినా ఇయర్‌ఫోన్ పోదు. కొంచెం పెట్టగలిగితే షూర్ ఎస్ఈ215 దాదాపు పదివేల దగ్గర ఉంటుంది, బయటి శబ్దం ఆపడంలో అది చాలా మెరుగు, కంపెనీ చెప్పే లెక్క 37 డెసిబెల్స్ వరకు. డోలక్ పక్కన నిలబడి పాడేవాళ్ళకి ఆ తేడా బాగా తెలుస్తుంది. కేబుల్ చెవి పైనుంచి వెనక్కి తిప్పి చొక్కా లోపలినుంచి తీసుకోండి, చీరకైతే వెనక నుంచి తీసి నడుము దగ్గర ప్యాక్.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఒక చెవిలో పెట్టుకుని రెండోది తీసేసి పాడొద్దు. చాలామంది సింగర్లు చేసేది ఇదే. రెండు చెవులతో వింటే మెదడుకి అదే శబ్దం పెద్దగా తోస్తుంది, ఒకటే అయితే తెలియకుండానే దాని వాల్యూమ్ పెంచేస్తాం, తెరిచి ఉన్న చెవి స్పీకర్ల మోతకి బలి.

క్వయర్_కాకినాడ
విశాఖ మేడమ్ గారూ, మా చర్చిలో ఆదివారం ఆరాధనకి మూడు సర్వీసులు, వర్షిప్ టీమ్ మొత్తం ఇన్-ఇయరే. మా సింగర్లు తీసేయడానికి కారణం అడిగితే "నా గొంతు డ్రమ్ములో నుంచి వచ్చినట్టుంది" అంటారు. దీనికి ఏం చేస్తారు మీరు?

గమకం_విశాఖ
అది చెవి మూసుకున్నప్పుడు అందరికీ వచ్చేదే అండి. మన గొంతు ఎముకల్లోంచి లోపలికి వచ్చి బయటికి పోయే దారి లేక చెవిలోనే మోగుతుంది. చేతులతో చెవులు మూసుకుని "ఊఁ" అనండి, అదే శబ్దం. మూడు పనులు చేస్తాను. ఇయర్‌ఫోన్ ఇంకొంచెం లోతుగా పెట్టుకుంటాను. నా మిక్స్‌లో నా వాయిస్ మిగతావాటికంటే ముందుండేలా చూసుకుంటాను, ఎముకల శబ్దాన్ని అది కప్పేస్తుంది. ఆ తర్వాత నా ఆక్స్ ఈక్యూలో (బేస్, ట్రెబుల్ లాంటివి సర్దేది) 200 నుంచి 250 హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గిస్తాను.

ఎకో కూడా కావాలి. పొడి గొంతు చెవిలో వింటూ పాడటం చాలా కష్టం, స్వరం పట్టి నిలపబుద్ధి కాదు. డిజిటల్ మిక్సర్‌లో రివర్బ్‌ని హాలుకి పంపకుండా నా ఆక్స్‌కి మాత్రమే పంపొచ్చు. జనానికి మాట స్పష్టంగా వెళ్తుంది, నాకు పాడే సుఖం ఉంటుంది. శాస్త్రీయం మీద ఆధారపడిన పాటలకి శృతి బాక్స్ ఒక లైన్ ఇన్‌పుట్‌కి పెట్టి నా చెవికి మాత్రం సన్నగా ఇవ్వమంటాను. హాల్లో ఎవరికీ వినపడదు, నాకు ఆధార షడ్జం ఎప్పుడూ ఉంటుంది. ఇన్-ఇయర్ వల్ల నాకు కలిగిన అతి పెద్ద లాభం ఇదే.

క్వయర్_కాకినాడ
శృతి సంగతి చాలా బాగుంది మేడమ్. మా వాళ్ళకి కీబోర్డ్ ప్యాడ్ సౌండ్ అలా సన్నగా ఇచ్చి చూస్తాం.

స్టేజ్‌సౌండ్_రాజమండ్రి
ఇక మైక్ సెట్ వాళ్ళ సంగతి. రెండు పద్ధతులు.

మొదటిది, అన్ని మైకులూ, వాయిద్యాలూ మీ ర్యాక్‌లోకే, మీ మెయిన్ ఎడమ కుడి అవుట్‌లు రెండు క్యానన్‌లు వాళ్ళ మిక్సర్‌కి ఇవ్వడం. చిన్న పెళ్ళిళ్ళకి ఇది హాయి. కానీ హాలు మిక్స్ కూడా మీరే చూడాలి, అంటే మీ మనిషి ఒకరు ట్యాబ్ పట్టుకుని జనంలో నిలబడాలి.

రెండోది స్ప్లిటర్. ప్రతి మైకూ రెండుగా చీలి ఒకటి మీకు, ఒకటి వాళ్ళకి. వాళ్ళ గెయిన్ (మైక్ సిగ్నల్‌ని మొదట్లోనే పెంచేది) వాళ్ళది, మీ గెయిన్ మీది, ఎవరూ ఎవరినీ కదిలించరు. బెరింగర్ ఎంఎస్8000 అని ఎనిమిది ఛానెళ్ళది ర్యాక్‌లో పెట్టుకునేది ఉంది. ఇంకా తక్కువలో కావాలంటే కోఠీ గుజరాతీ గల్లీలో క్యానన్ పిన్‌లు, కేబుల్ కొని వై కేబుళ్ళు మీరే సోల్డర్ చేసుకోవచ్చు. వై కేబుల్ వేస్తే ఫాంటమ్ ఒక్క మిక్సర్ నుంచే ఇవ్వాలి, రెండోదాంట్లో ఆపెయ్యాలి. హమ్ (ఆగకుండా వచ్చే గుయ్యిమనే శబ్దం) వస్తే ఫాంటమ్ ఇవ్వని వైపు క్యానన్‌లో ఒకటో పిన్ తీసేస్తే చాలాసార్లు పోతుంది. హమ్ పోవడానికి మెయిన్స్ ప్లగ్ ఎర్త్ పిన్ పీకేవాళ్ళుంటారు, దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు, పందిరి కింద తడి నేల మీద మైక్ పట్టుకునేది మనుషులు.

ఒప్పుకుంటారా అంటే, ముందురోజే ఫోన్ చేసి మాట్లాడితే చాలావరకు ఒప్పుకుంటారు. వాళ్ళకీ లాభమే కదా, మానిటర్ బాక్సులు మోసుకురానక్కర్లేదు, స్టేజ్ మీద శబ్దం తగ్గితే వాయిస్ మైకుల్లోకి చెత్త రాదు, హాలు సౌండ్ శుభ్రంగా ఉంటుంది. ప్రోగ్రామ్‌కి గంట ముందు వెళ్ళి స్టేజ్ మీద పెట్టె దింపి వాదించొద్దు.

ప్యాడ్_వరంగల్
ఇంకో ముఖ్యమైనది ఎవరూ చెప్పలే. యూపీఎస్! కంప్యూటర్‌కి వాడే 600 వీఏ యూపీఎస్ ఒకటి ర్యాక్‌లో పెట్టు. ఫంక్షన్ హాల్లో కరెంటు పోయి జనరేటర్ మీదికి మారే ఆ రెండు మూడు సెకన్లలో డిజిటల్ మిక్సర్, వైఫై రూటర్ రెండూ ఆరిపోయి మళ్ళీ మొదట్నుంచి లేవాలి. అనలాగ్ మిక్సర్‌కి ఈ బాధ లేదు, వెంటనే వస్తది. మిక్సర్, రూటర్ మాత్రమే యూపీఎస్ మీద ఉండాలి, పవర్ ఆంప్‌లు పెట్టొద్దు.

లోఎండ్_హైదరాబాద్
రూటర్ మాట వచ్చింది కాబట్టి, ఎక్స్‌ఆర్18 లోపల ఉండే వైఫైని షోలో నమ్ముకోవద్దు. అది 2.4 గిగాహెర్ట్జ్‌ది. రిసెప్షన్‌లో ఐదొందల మంది ఫోన్లు జేబుల్లో వైఫై ఆన్‌లో ఉంటాయి, యాప్ తెగుతూనే ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ రూటర్ ఒకటి ఎథర్‌నెట్ కేబుల్‌తో మిక్సర్‌కి కలిపి, స్టేజ్ దగ్గర కాస్త ఎత్తులో పెట్టండి. పాస్‌వర్డ్ బ్యాండ్ వాళ్ళకే తెలియాలి. నెట్‌వర్క్‌లో ఉన్నవాడు ఎవరైనా యాప్ తెరిచి మీ మిక్స్‌లో వేలు పెట్టొచ్చు.

గుంటూరు_కీస్
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు మాకు, చాలా థాంక్స్ అందరికీ. ఇక సింగర్ల వైర్‌లెస్. మా బావ వచ్చే నెల అమెరికా నుంచి వస్తున్నాడు, అక్కడ పాత సెట్లు చవకగా దొరుకుతున్నాయంట, తెప్పించుకోనా?

డాలస్_స్ట్రింగ్స్
నేను డాలస్‌లో తెలుగు సంఘం ప్రోగ్రామ్‌లకి గిటార్ వాయిస్తాను. పాత వైర్‌లెస్ మాత్రం ఇక్కడి నుంచి తెప్పించుకోకండి. ఇక్కడ 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చాలాభాగం ఫోన్ కంపెనీలకి ఇచ్చేశారు, 2020 జూలై 13 తర్వాత ఆ భాగంలో వైర్‌లెస్ మైకులు, ఇన్-ఇయర్లు వాడకూడదు. చవకగా అమ్ముతున్న పాత సెట్లు ఎక్కువగా అవే. ఇయర్‌ఫోన్స్, బెల్ట్ ప్యాక్‌లు, ఫోమ్ టిప్‌లు అయితే నిశ్చింతగా తెప్పించుకోవచ్చు. అడాప్టర్‌తో నడిచేవి కొంటే దాని మీద 100-240 వోల్ట్స్ అని ఉందో లేదో చూడమనండి, ఒక్క 120 అని ఉంటే మన 230లో పెట్టగానే కాలిపోతుంది.

స్టేజ్‌సౌండ్_రాజమండ్రి
ఇండియాలో కూడా అదే కథ ఇంకో బ్యాండ్‌లో ఉంది. 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ని జియో 2022 వేలంలో కొనుక్కుని 5జీకి వాడుతోంది. అందులో టవర్ నుంచి ఫోన్లకి వచ్చే సిగ్నల్ ఉండేది 758 నుంచి 803 మెగాహెర్ట్జ్ మధ్య. ఆ మధ్యలో పనిచేసే చవక సెట్లు మార్కెట్లో ఇంకా అమ్ముతున్నారు. డబ్బా మీద ఫ్రీక్వెన్సీ చదవకుండా కొనొద్దు. షాపులో బాగానే పనిచేస్తుంది, టవర్ పక్కన ఉన్న కల్యాణ మండపంలో గరగర మొదలవుతుంది.

గమకం_విశాఖ
మా ఇద్దరు సింగర్లం ఎక్స్‌వైవ్ యూ4 వాడుతున్నాం. ఒక ట్రాన్స్‌మిటర్, రెండు రిసీవర్లు ఉన్న సెట్ అది. ఇద్దరికీ ఒకే మిక్స్ వస్తుంది, మోనో. ఆలస్యం 5 మిల్లీసెకన్ల లోపే, పాడేటప్పుడు నాకేమీ తెలియలేదు. ఛార్జ్ ఐదు గంటల దాకా అని కంపెనీ చెప్తుంది, ఇంటర్వెల్‌లో పవర్ బ్యాంక్‌కి పెట్టేస్తాం. అదీ 2.4 గిగాహెర్ట్జే, కాబట్టి ట్రాన్స్‌మిటర్‌ని ర్యాక్ లోపల దాచకండి. ఒక మైక్ స్టాండ్‌కి కట్టి మనకి ఎదురుగా కనిపించేచోట ఉంచండి. మనిషి శరీరం అడ్డొస్తే ఆ సిగ్నల్ పడిపోతుంది.

లోఎండ్_హైదరాబాద్
నేనైతే మొదటి ఆరు నెలలు సింగర్లకి కూడా వైరే పెట్టమంటాను. మైక్ కేబుల్‌కి ఇన్-ఇయర్ కేబుల్ జతచేసి అడుగుకోచోట టేపు చుట్టేస్తే రెండూ కలిసి ఒకే తాడులా కదులుతాయి. మైక్ ఎలాగూ వైర్‌దే కదా. ఆ మిగిలిన డబ్బుతో అందరికీ మంచి ఇయర్‌ఫోన్స్ వస్తాయి.

గమకం_విశాఖ
సంగీత్‌లో సింగర్ జనంలోకి దిగి పెళ్ళికూతురి పక్కన నిలబడి పాడాలి, అదే మా పని. కచేరీ పద్ధతిలో ఒకచోట నిలబడి పాడేవాళ్ళకి మీ మాట సరిపోతుంది, వీళ్ళకి కాదు. నాలుగు వైర్, రెండు వైర్‌లెస్, ఇదే నా ఓటు.

స్టేజ్‌సౌండ్_రాజమండ్రి
నేనూ మేడమ్ గారి వైపే. పైగా సింగర్లిద్దరూ ఒకే ఆక్స్ పంచుకుంటే ఒక ఆక్స్ మిగులుతుంది తమ్ముడూ. దాన్ని నీకిస్తే నీకు స్టీరియో, ఒక్కో చెవికి ఒక్కో ఆక్స్. కీబోర్డ్ వాయించేవాడికి స్టీరియో చాలా ఉపయోగం, లేయర్లు, స్ట్రింగ్స్ విడివిడిగా తెలుస్తాయి. పీ2కి స్టీరియో ఇవ్వాలంటే మామూలు క్యానన్ కేబుల్ పనికిరాదు, ప్రత్యేకంగా చేసుకోవాలి. మిక్సర్ రెండు ఆక్స్‌ల నుంచి రెండో పిన్‌లు మాత్రం తీసుకుని ఒకటి అవతలి క్యానన్ రెండో పిన్‌కి, ఇంకోటి మూడో పిన్‌కి కలపాలి, ఒకటో పిన్‌లన్నీ కలిసి ఉండాలి. మిక్సర్ వైపు మూడో పిన్‌లు వదిలెయ్.

చెవుల గురించి మేడమ్ గారు చెప్పిందానికి ఒకటి కలుపుతాను. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు క్షేమం అని అమెరికా వాళ్ళ పనిచోటి ఆరోగ్య సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్ లెక్క, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం. 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే. ఇన్-ఇయర్ పెట్టుకున్నంత మాత్రాన చెవులకి రక్షణ రాదు, తక్కువ వాల్యూమ్‌లో వింటేనే వస్తుంది. ప్రతి ఆక్స్‌లోనూ కంప్రెసర్ (పెద్ద శబ్దాన్ని అణిచేది) ఆన్ చేసి, రేషియో చివరిదాకా తిప్పి, శబ్దం హద్దు దాటనివ్వని లిమిటర్‌గా పెట్టండి. ఎవరైనా మైక్ కింద పడేసినా, ఫాంటమ్ ఆన్‌లో ఉండగా కేబుల్ పీకినా వచ్చే ఆ టప్పుమనే దెబ్బ నేరుగా కర్ణభేరికే. షో మొదలయ్యాక గెయిన్ ఎవరూ ముట్టుకోవద్దు. ప్రీ-ఫేడర్ అయినా గెయిన్ మారితే ఆరుగురి చెవుల్లోనూ మారుతుంది.

ప్యాడ్_వరంగల్
అన్నా, జనం చప్పట్లు వినపడక గాజు పెట్టెలో కూర్చున్నట్టు ఉంటది మాకు. దానికేమన్న ఉందా?

స్టేజ్‌సౌండ్_రాజమండ్రి
యాంబియెంట్ మైకులు పెట్టుకోండి. స్టేజ్ రెండు మూలల్లో రెండు మామూలు కండెన్సర్ మైకులు జనం వైపు తిప్పి, చెవులకి మాత్రమే పంపాలి, హాలుకి ససేమిరా పంపొద్దు. 150 హెర్ట్జ్ కింద కట్ చేసేస్తే సబ్‌వూఫర్ మోత రాదు. పాటల మధ్య పెంచి, పాట మొదలవగానే తగ్గించేవాడు ఒకడుంటే ఇంకా బాగుంటుంది. మీరు మీరు మాట్లాడుకోవడానికి కూడా ఒక మైక్ చెవులకే వెళ్ళేలా ఉంచుకోండి. తర్వాతి పాట, స్కేలు అందులో చెప్పేసుకోవచ్చు, వెనక్కి తిరిగి వేళ్ళు చూపించే అవసరం ఉండదు.

డాలస్_స్ట్రింగ్స్
ముందే రికార్డు చేసిన ట్రాక్‌లు వాడేవాళ్ళకి ఇంకో సదుపాయం. ల్యాప్‌టాప్ ఎడమ వైపు ట్రాక్, కుడి వైపు క్లిక్ (టెంపో చూపే టిక్ టిక్) పెట్టి రెండు ఛానెళ్ళుగా మిక్సర్‌కి ఇస్తే ట్రాక్ హాలుకీ చెవులకీ, క్లిక్ చెవులకి మాత్రమే. ఎక్స్‌ఆర్18 అయితే యూఎస్‌బీ కేబుల్‌తోనే వెళ్తుంది, అప్పుడు ట్రాక్ కూడా స్టీరియోలో పెట్టుకోవచ్చు.

గుంటూరు_కీస్
అందరికీ అప్‌డేట్. విజయవాడలో తెలిసినాయన దగ్గర సెకండ్ హ్యాండ్ ఎక్స్‌ఆర్18 దొరికింది, రాజమండ్రి అన్న చెప్పినట్టే అన్ని ఇన్‌పుట్‌లూ మైక్ పెట్టి చూసే తీసుకున్నాం. ఆరు పీ2లు, అందరికీ కేజెడ్‌లు, యూపీఎస్, రూటర్ వచ్చేశాయి. సింగర్ల వైర్‌లెస్ సెట్ దసరా ప్రోగ్రామ్‌ల డబ్బు రాగానే తీసుకుంటాం, అప్పటిదాకా హైదరాబాద్ బ్రో చెప్పిన టేపు చుట్టిన కేబుల్. నిన్న అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదిన్నరకి ప్రాక్టీస్ చేశాం, డోలక్ బదులు ప్యాడ్ మీద వాయించాడు, స్పీకర్ ఒక్కటి కూడా పెట్టలేదు, పక్క ఫ్లాట్ వాళ్ళకి అసలు తెలియనే లేదు!

ఒక్కటే ఇబ్బంది. ఆక్టోప్యాడ్ అతని ప్యాక్‌లో మాత్రం సౌండ్ పలచగా ఉంది, వాయిస్ తల మధ్యలో ఉండకుండా రెండు పక్కలకీ విడిపోయినట్టు, బేస్ అసలు లేనట్టు వస్తోంది. ఇయర్‌ఫోన్స్ మార్చాం, టిప్‌లు మార్చాం, అలాగే ఉంది. అవే ఇయర్‌ఫోన్స్ నా ప్యాక్‌లో పెడితే బాగున్నాయి. ప్యాక్ పాడైందా?

స్టేజ్‌సౌండ్_రాజమండ్రి
ప్యాక్‌కి ఏమీ కాలేదు. దాని మీద స్టీరియో, మోనో అని చిన్న స్విచ్ ఉంటుంది, అది స్టీరియోలో ఉండి ఉంటుంది. మామూలు క్యానన్ కేబుల్‌లో రెండో పిన్ మీద సిగ్నల్, మూడో పిన్ మీద అదే సిగ్నల్ తలకిందులుగా వస్తాయి. స్విచ్ స్టీరియోలో ఉంటే ఒక చెవికి అసలుది, రెండో చెవికి తలకిందులుది పోతుంది. అందుకే మధ్యలో ఏమీ నిలవదు, బేస్ తేలిపోతుంది. మోనోకి మార్చు.

గుంటూరు_కీస్
మార్చగానే సరిపోయింది అన్నా, బేస్ మొత్తం వచ్చేసింది.

స్టేజ్‌సౌండ్_రాజమండ్రి
మంచిది. ఆ స్విచ్ మీద చిన్న టేపు ముక్క వేసెయ్, నడుముకి తగిలించుకునేటప్పుడు వేలు తగిలి కదిలిపోతుంటుంది. నీ స్టీరియో ప్యాక్‌కి వేరే రంగు టేపు వెయ్యి, రెండూ కలిసిపోకుండా.